చవితి మట్టి

"దేవుడి రూపు ఇచ్చిన మట్టిని మళ్ళీ ముద్ద చేస్తే పాపం కాదా, గురువుగారూ?" అని అడిగాడు శేషాచలం.

ఏటి ఒడ్డు మఠంలో సోమనాథయ్యగారికి ఒక అలవాటుండేది. ప్రశ్న వినగానే, అది ఎవరిమీద కోపంతో పుట్టిందో ముందు చూసేవారు. "ఎవరిమీద నీ అనుమానం?" అన్నారు.

అనుమానం కుమ్మరి పైడమ్మ మీద. కార్తీకమాసంలో మఠానికి ప్రమిదలు ఆవిడే ఇస్తుంది. చవితి వెళ్ళాక, అమ్ముడుపోని వినాయకుళ్ళను ఆవిడ పెరటి తొట్టిలో నానబెట్టడం శేషాచలం గోడమీంచి చూశాడు. చూసినవాడు ఊరుకుంటాడా? ఆ మహానుభావుడికి అప్పట్నించీ అన్నం సయించలేదు. అవి పూజలో పెట్టినవేమో, నిమజ్జనం చేసినవాటిని చెరువులోంచి ఏరుకొచ్చిందేమో అని రోజుకో కొత్త అనుమానం.

అంతలో పైడమ్మే ప్రమిదల బుట్టతో వచ్చింది. శేషాచలం గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. ఊరంతా మఠాన్ని చూసి కొనేది. ఇక్కడ బుట్ట వెనక్కి పోతే ఆవిడ ప్రమిదలు ఇంకే గుమ్మంలోనూ దిగవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పూజ కాని బొమ్మలే బాబూ. పండగ ఎల్లిపోనాక ఎవురు కొంటారు? కాల్చని మట్టి, నీళ్ళల్లో ఏస్తే కరిగిపోద్ది. పారబొయ్యడానికి సేతులు రాక పెమిదలు సేసి కాల్చినాను" అంది పైడమ్మ.

"ఒట్టేసి చెప్పు."

ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నా సేత్తో సేసినవాటికి కూడా ఒట్టెయ్యాలా బాబూ?"

గురువుగారు లేచి, బుట్టలోంచి ఒక ప్రమిద తీసుకుని, నూనె పోసి వత్తి వెలిగించారు. గుమ్మంలో శేషాచలం ముందు పెట్టారు. "పాపమని నీకు నిశ్చయమే కదా. ఊదెయ్."

వెలిగే దీపాన్ని నోటితో ఊదడం ఆ మఠంలో ఎవరూ ఎరుగరు. అయినా గురువాజ్ఞ. శేషాచలం మోకాళ్ళమీద వంగాడు, నోరు తెరిచాడు, మూశాడు. ఇంతలో ఏటి మీదనుంచి గాలి విసురుగా కొట్టింది. వత్తి వాలి, మంట సన్నబడింది. శేషాచలం గబుక్కున రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"బుట్ట దించమ్మా" అన్నారు గురువుగారు. తరవాత శిష్యుడి వైపు తిరిగి, "నువ్వు చేతులు తియ్యకు. అనుమానం నెమ్మదిగా తీర్చుకుందువుగాని" అన్నారు.