ఏతాలవారి పేర్ల రాయి

కోనంపల్లిలో ఏతాల రాజలింగం అనే రైతు తన ఇంటిపేరు చూసుకుని సాటి మనుషులను చులకన చేస్తుండేవాడు. కొత్తవారు కనబడితే చాలు, మంచినీళ్లు ఇవ్వకముందే ఏడు తరాల గొప్ప వినిపించేవాడు. ఆ ఏడు తరాల్లో అతనికి తెలిసినవి తండ్రి పేరూ, తాత పేరూ మాత్రమే.

ఒక ఏడాది ఏతాలవారంతా కలిసి ఇంటి దేవరకు గుడి కట్టారు. చనిపోయిన పెద్దల పేర్లు రాతి మీద చెక్కించాలనుకున్నారు. కూలి చేసుకుని బతికే ఏతాల మల్లయ్య, ఆ పని చూస్తున్న రాజలింగం దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మా నాయన పోశయ్య పేరు కూడా చెక్కించు. ఈ గుడికి రాళ్లు మోసుకుంటనే పోయిండు."

"ఏతాల అని చెప్పుకున్నోడల్లా మావాడైతడా? మీవాళ్లు ఎక్కడినుంచో బతకొచ్చి మా పేరు తగిలించుకున్నరు."

"మరి మేం ఎవరోళ్లం అన్నా?"

"అదే నలుగురిలో తేలుస్త," అన్నాడు రాజలింగం.

వంశావళి చెప్పే సాయన్నను గుడి దగ్గరికి, ఏతాలవారందరి ముందుకు పిలిపించాడు. దీపం వెలిగించి మొదలుపెడితే ఏ పేరూ దాటకుండా ఆఖరిదాకా చెప్పాలని సాయన్న పెద్దలు పెట్టిన కట్టడి.

"ఎప్పటిలాగే మీ తాత దగ్గర ఎత్తుకుంట పటేలా," అన్నాడు సాయన్న.

"కాదు. మొదటి పేరు నుంచి చెప్పు. అందరూ వినాలె."

సాయన్న అతనివైపు ఒక్క క్షణం చూసి, దీపం వెలిగించాడు.

"బావి మీద నీళ్లు తోడే తొలి ఏతం నిలిపినోడు కొమరయ్య. ఆయన తమ్ముడు భూమయ్య. భూమయ్య కొడుకు లచ్చయ్య, లచ్చయ్య కొడుకు రాజయ్య, రాజయ్య కొడుకు పోశయ్య, పోశయ్య కొడుకు ఈ మల్లయ్య. కొమరయ్యకు మాత్రం కొడుకుల్లేరు. కరువులో ఎల్లయ్య అనే పరాయివాడు ఆకలితో వచ్చి బావి దగ్గర పడిపోయిండు. కొమరయ్య గంజి పోసి, ఏతం తొక్కే పనిచ్చి, బిడ్డనిచ్చి ఇల్లరికం ఉంచుకున్నడు. ఇంటిపేరూ ఇచ్చిండు. ఆ ఎల్లయ్య కొడుకు వీరయ్య..."

వీరయ్య రాజలింగం తాత.

రాజలింగం వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మళ్లీ విప్పి లెక్కపెట్టాడు. ఎటునుంచి మొదలుపెట్టినా వేలు బావి దగ్గర పడిపోయినవాని మీదికే వచ్చి ఆగింది.

"మరి నేను... నేనెవరోణ్ని?" అన్నాడు, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియకుండా.

"తొందరగా తేల్చుకోండ్రి పటేలా," అన్నాడు పేర్లు చెక్కడానికి వచ్చిన శిల్పి, ఉలి పట్టుకుని. "మీ తాత పేరు చెక్కాల్నా, వద్దా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అందరూ మల్లయ్య వైపు చూశారు. ఇప్పుడు కాదనే వంతు అతనిది.

"చెక్కు," అన్నాడు మల్లయ్య. "ఎల్లయ్య ఏతం తొక్కకపోతే మా పెద్దల మడి ఎండిపోయేది. మావాళ్లు పిలిచి కూడుపెట్టినోణ్ని నేనెట్ల పొమ్మంట?"

రాజలింగం శిల్పి వైపు తిరిగాడు.

"ముందు పోశయ్య పేరు చెక్కు. కింద ఎల్లయ్యది. మా తాతది ఆ తరువాత."

మన తాతలకు ఎవరో తలుపు తీయబట్టే మనకో ఇల్లూ, ఇంటిపేరూ దక్కాయి; ఆ తలుపును ఇంకొకరి ముఖాన వేయడం కన్నా పెద్ద తప్పు లేదు.