గాటుకు ఎదుటి అంచు

నరహరికి ఒకటే బాధ. ఇన్నేళ్ళు నేర్చుకున్నా ఖుద్రత్ సాబు తనని గద్దె మీద ఒంటరిగా కూర్చోనివ్వడం లేదు.

ఖుద్రత్ సాబు హైదరాబాదు పాతబస్తీలో నాణేలు చూసి చెప్పే పెద్దమనిషి. గద్దె అంటే పెద్ద దుకాణమేం కాదు. సందు లోపల, రొట్టెల భట్టీ పక్కన, ఒక చెక్కబల్ల, దాని మీద పచ్చగుడ్డ. అంతే. కానీ సాబు ‘ఇది అసలు’ అన్నాక బజారులో ఇంకొకడు నోరెత్తేవాడు కాదు. ఇప్పుడు కూడా అక్కడ కూర్చుని చెప్పేవాళ్ళున్నారు. పేర్లు చెప్పను. వాళ్ళకి తెలుసు.

టంకశాలలో తయారయ్యేటప్పుడే తప్పు జరిగిన నాణెం దొరికితే, పోగుచేసేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. బయటికొచ్చాక దెబ్బతిన్నదాన్ని ఎవరూ ముట్టరు. అందుకని కొందరు మంచి నాణేన్నే కోసి, ఆకురాయితో రుద్ది, టంకశాల తప్పు అని అంటగడతారు. ఏది ఏదో చెప్పడమే సాబు విద్య.

ఒక శుక్రవారం సాబు నమాజుకు బయల్దేరుతూ, "ఎవరైనా వస్తే కూర్చోబెట్టు బేటా" అన్నారు. కూర్చోబెట్టమన్నారు. తీర్పు చెప్పమనలేదు. నేనూ ఆ గద్దె దగ్గర నేర్చుకున్నవాణ్ణే, ఆ మాట నా చెవులతో విన్నాను.

సాబు సందు దాటారో లేదో, నరహరి కొత్తగా కొన్న భూతద్దం తీసి పచ్చగుడ్డ మీద పెట్టుకున్నాడు.

అప్పుడొచ్చాడు పోశెట్టి. సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, భుజాన సంచి అలాగే ఉంది. "అన్నా, జర ఇది చూడు. చిల్లరల వచ్చింది" అని ఒక పాత రూపాయి బిళ్ళ ఇచ్చాడు. దాని అంచు ఒకచోట నెలవంక ఆకారంలో లేదు.

నరహరి అద్దం కంటికి ఆనించి గాటులోకి చూశాడు. లోపల గీతలు.

"ఆకురాయి గీతలు!" అన్నాడు, సందంతా వినబడేలా. "కోసి తెచ్చినవ్. ఇసొంటి దొంగసరుకు మా గద్దె కాడ నడవది."

"నేను కొయ్యలే అన్నా. నా సంచిలకు అట్లనే వచ్చింది."

"ఆ సంచిలకెల్లి ఇంకేమేం తీస్తవో!"

రొట్టెల కోసం నిలబడ్డవాళ్ళు పగలబడి నవ్వారు. పోశెట్టి ముఖం నల్లబడిపోయింది.

"పొద్దంత పదిమంది పైసలు పట్టేటోన్ని నేను. దొంగ అన్న మాట మా డిపో దాక పోతే నా బతుకేం గావాలె?" అన్నాడు. నాణెం బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

సాబు తిరిగొచ్చారు. నరహరి ఉత్సాహంగా అంతా చెప్పాడు. సాబు నాణెం చేతిలోకి తీసుకున్నారు. అద్దం అడగలేదు. బొటనవేలితో గాటును కప్పేశారు. రెండో చేతి గోరును అంచు మీద మెల్లగా నడిపించారు. గాటుకు సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి గోరు ఆగింది. అలాంటి గోరు నేను మళ్ళీ ఎవరికీ చూడలేదు.

"యూసుఫ్!" అని భట్టీ వైపు కేకేశారు. "గట్టిగా కలిపిన పిండి మందంగా ఒత్తి పంపు."

పిండి వచ్చింది. సాబు చాయ్ గ్లాసు బోర్లించి ఒక బిళ్ళ కోశారు. రెండోసారి గ్లాసును ఆ రంధ్రం మీదికి కొంచెం జరిపి నొక్కారు. రెండో బిళ్ళ అంచు నెలవంకలా తగ్గి వచ్చింది.

"నాణేలు కోసే రేకు సరిగ్గా జరగకపోతే టంకశాలలో ఇట్లనే అయితది" అన్నారు.

తర్వాత రెండు కర్రపట్టీలు తీసి, నిండుబిళ్ళను వాటి మధ్య నిలబెట్టి దొర్లించారు. అచ్చు వేసే ముందు అంచు లేవడానికి అక్కడ ఇలాగే దొర్లిస్తారు. పిండిబిళ్ళ అంచు చుట్టూ గట్టులా లేచింది.

గాటుబిళ్ళనూ దొర్లించారు. దానికీ లేచింది. ఒక్క చోట తప్ప. గాటు ఇవతలి పట్టీ దగ్గరికి వచ్చినప్పుడల్లా అక్కడ ఆనడానికి పిండి లేదు, అవతలి పట్టీ నొక్కలేకపోయింది. గాటుకు ఎదుటి అంచు చదునుగానే ఉండిపోయింది.

సాబు నిండుబిళ్ళను తీసి, ఒక పక్క పళ్ళతో కొరికారు.

"పచ్చిపిండి, సాబ్!" అన్నాడు నరహరి.

సాబు నమిలి మింగారు. కొరికిన బిళ్ళనూ, గాటుబిళ్ళనూ, పోశెట్టి నాణేన్నీ వరసగా పెట్టారు. కొరికిన బిళ్ళ, బయటికొచ్చాక కోసిన నాణెంలాంటిది; దాని ఎదుటి అంచు గట్టు చెక్కుచెదరలేదు.

నరహరి నాణేన్ని తీసుకున్నాడు. గాటు మీద వేలు పెట్టాడు. ఎదుటి అంచు చూశాడు. అక్కడ గట్టు లేదు. పక్కనున్న అక్షరం కూడా సగమే పడింది. చాలాసేపు చూశాడు. అద్దం జోలికి పోలేదు.

"మరి గాటులో గీతలు, సాబ్?"

"అవీ నిజమే. అది పుట్టింది. ఆ తర్వాత ఎన్ని చేతులల్ల బతికిందో. బతికితే గీతలు పడవా బేటా?"

నరహరి తల దించుకున్నాడు. "మనిషిని పంపి పిలిపించనా?"

"దొంగ అన్నప్పుడు మనిషిని పంపి అన్నవా?"

నరహరి నాణెం పట్టుకుని చెప్పులేసుకున్నాడు. సాయంత్రం దీపాల వేళకి తిరిగొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"దొరికిండా?" అన్నారు సాబు.

"దొరికిండు. బస్సు నిండ జనం. అందరు వినంగ చెప్పిన. ఈయన దొంగ కాదు, నాణెం అసలుది, చూసుడు తెలువంది నాకే అని."

"ఏమన్నడు?"

"ముందుగాల టికెట్ తీసుకో అన్నడు. అందరు నవ్విన్రు. నాణెం జేబుల ఏసుకున్నడు. ఇగ నా దిక్కే చూడలే. మాఫ్ చెయ్యలే, సాబ్. దిగేదాక నా ముఖం చూడలే."

సాబు పచ్చగుడ్డ మడతపెడుతున్నారు.

"ఎక్కడ దిగినవ్?"

"ఈడనే. మన సందు ముంగటనే. బెల్లు కొట్టిండు, దిగిన."

సాబు మడత ఆపి తలెత్తారు.

"ఈడ స్టాపు లేదు గదా, బేటా."

నరహరి సందు మొదటికి తిరిగి, బస్సు వెళ్ళిన వైపు చూస్తూ నిలబడిపోయాడు.