రసూల్‌బీ చెప్పిన వాక్యం

రసూల్‌బీ మూడు రోజులుగా పాఠానికి రావడం లేదు. ఆ సంగతి జిలానీ తన గురువుకు చెప్పలేదు. ఇంకెవరో చెప్పారు.

గురువు హజ్రత్ అమీనుల్లా షా ఆదోని శివార్లలోని ఒక దర్గాలో ఉండేవారు. ఎనభై ఏళ్లు దాటాయి. చేతికర్ర లేనిదే నాలుగడుగులు వేయలేరు. జిలానీ ఇంగ్లీషులో ఎమ్మే చదివి, అన్నీ వదిలేసి ఆయన దగ్గరికి వచ్చినవాడు. రోజూ పొద్దున దర్గా వరండాలో ఊరివాళ్లకు ఇంగ్లీషు చెప్పేవాడు.

రసూల్‌బీ పత్తిమిల్లులో పదకొండేళ్లు పనిచేసింది. మిల్లు మూతపడింది. మస్కట్‌లో ఒక ముసలావిడను చూసుకునే పని దొరికేలా ఉంది. సోమవారం ఫోన్‌లో ఇంగ్లీషులో మాట్లాడించి చూస్తారట.

ఏం జరిగిందని గురువు అడిగారు. జిలానీ దాచలేదు. విశేషణం చివర ‘లీ’ చేరిస్తే క్రియావిశేషణం అవుతుందని, ‘స్లో’ ‘స్లోలీ’ అవుతుందని ఆమె చివరిసారి వచ్చిన రోజు నేర్పాడు. రసూల్‌బీ లేచి ‘ఐ వర్క్ హార్డ్‌లీ’ అంది. కష్టపడి పనిచేస్తానని ఆమె ఉద్దేశం. ‘హార్డ్’ మారదని, ‘హార్డ్‌లీ’ అంటే పని చేసీ చేయనట్టేనని జిలానీ దిద్దాడు. పదకొండేళ్లు మిల్లులో చేసింది అదేనన్నమాట, అని కూడా అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ తప్పే సోమవారం చేస్తే పని పోతుంది కదా, అన్నాడు జిలానీ. గురువు నిజమేనన్నారు.

మర్నాడు పొద్దున ఆయన కర్ర పట్టుకుని వరండాలోకి వచ్చి, రసూల్‌బీ కూర్చునే చోట చాప మీద కూర్చున్నారు. తన వంతు వచ్చినప్పుడు అందరిలాగే లేచి నిలబడ్డారు.

“ఐ వాక్ ఫాస్ట్‌లీ.”

ఎవరూ నవ్వలేదు. జిలానీ దగ్గరికి వెళ్లి, ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూర్చున్నాడు.

“హజ్రత్, ‘ఫాస్ట్’కి ‘లీ’ అక్కర్లేదు. ఇది ఎవరైనా పొరపడే మాటే. నేనూ చాలాకాలం అలాగే అనేవాణ్ణి.”

గురువు వాక్యం సరిచేసి మళ్లీ చెప్పారు. తర్వాత అడిగారు.

“రసూల్‌బీకి చెప్పిందీ ఇదేనా?”

“దాదాపు ఇదే, హజ్రత్.”

“ఎలా చెప్పావు?”

 జిలానీ సుద్దముక్క పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

రసూల్‌బీ ఇంటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అతన్ని చూసి కూడా చాటలోంచి తల ఎత్తలేదు. జిలానీ మెట్టు కింద నేల మీద కూర్చున్నాడు. ఆమె తల ఎత్తేదాకా అక్కడే ఉన్నాడు.