ఇంకోపాలి వేసిన వల

“ఫలితం ఒకసారి వచ్చి ఇంకోసారి రాకపోతే, మెదడు దేన్ని నమ్మి నేర్చుకుంటుంది సార్?” అని హేమనళిని అడిగింది. తలకు దెబ్బ తగిలిన ఒక రోగికి ఆమె మూడు వారాలుగా శిక్షణ ఇస్తోంది. అతను ఈ రోజు నేర్చినట్టే ఉంటాడు, రేపు మళ్ళీ మొదటికి వస్తాడు. అతని కాగితాల మీద ‘ప్రయోజనం లేదు’ అని రాసేద్దామనుకుని, ఆ మాట పైకి అనలేక, ఈ ప్రశ్న వేసింది.

ఆమెకు మెదడు వైద్యం నేర్పుతున్న డాక్టర్ కూర్మనాథం గారికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఆయన తన పాత రోగి ఎల్లాజీ సంగతి ఎత్తుకున్నారు.

ఎల్లాజీ భీమిలి దగ్గర చేపల వేటకు వెళ్ళే మనిషి. పడవలో తెరచాప కొయ్య విరిగి నుదుటి మీద పడింది. ప్రాణం దక్కింది, చేతుల్లో నేర్పూ దక్కింది. కానీ ఆ తర్వాత వేటకు వెళ్ళిన ప్రతిసారీ ఖాళీగా తిరిగొచ్చేవాడు. భార్య నూకాలు అతన్ని ఆస్పత్రికి తీసుకొచ్చింది. కూర్మనాథం గారు రెండు డబ్బాలు ముందు పెట్టి, వేరుశనగ ఉండలు ఎందులో ఎక్కువసార్లు దొరుకుతాయో కనిపెట్టమన్నారు. మంచి డబ్బా ఒక్కసారి ఖాళీగా కనబడితే చాలు, ఎల్లాజీ దాన్ని వదిలేసేవాడు. సముద్రం మీద జరుగుతున్నదీ అదేనని ఆయనకు అర్థమైంది.

“ఒక్క వలను చూసి కాదమ్మా, వేసిన పది వలలనూ కలిపి తూచే చోటు నుదుటి వెనక ఉంటుంది. దెబ్బ అక్కడే తగిలింది. దానికి నా దగ్గర మందు లేదు” అని ఆయన నూకాలుతో అన్నారు.

నూకాలు ఏడవలేదు. “ఏ నీటిలో ఎన్నిపాలి ఏస్తే పడతాదో ఇరవై ఏళ్ళుగా రోజూ అన్నం తింటా నాకు చెప్పేవోడు బాబూ. నాకు గుర్తున్నాది” అంది.

మర్నాడు ఆమె పడవెక్కింది. ఆడదానికి వేటేమిటని ఒడ్డున ఉన్నవాళ్ళు వారించినా వినలేదు. మొదటి వల ఖాళీగా వచ్చింది. ఆ చోటు వదిలి పోదామని ఎల్లాజీ తెడ్డు అందుకున్నాడు. “ఇంకోపాలి ఎయ్యి మావా” అంది. రెండోదీ ఖాళీయే. అతను విసుక్కున్నాడు, ఆమె మళ్ళీ అదే మాట అంది. మూడో వలలో కానాగంత చేపలు పడ్డాయి. దాన్ని లాగుతూ లాగుతూ ఎల్లాజీ ఏడ్చేశాడు. ఇంకో రోజు ఆరుసార్లు వేసినా ఏమీ పడకపోతే, “ఈ నీరు మారిపోనాది, ఎల్దాం పద” అని పడవ మళ్ళించిందీ ఆమే.

నెల తిరక్కుండా ఇద్దరూ బుట్టెడు చేపలతో ఆస్పత్రికి వచ్చారు. “నా తలలోంచి పోయింది దీని తలలో ఉన్నాది బాబూ” అన్నాడు ఎల్లాజీ. కూర్మనాథం గారు కుర్చీలోంచి లేచి నూకాలుకు నమస్కారం పెట్టారు. తన ముప్పై ఏళ్ళ చదువుకు ఎవరూ అంత మేలు చేయలేదని ఆయన హేమనళినికి చెప్పారు.

“తర్వాత అతని స్కానులో ఏమైనా మార్పు కనబడిందా సార్?” అని ఆమె అడిగింది.

“లేదమ్మా” అన్నారాయన. “అది సరే, నీ రోగిని రోజూ ఎవరు తీసుకొస్తున్నారు?”