ఒంటె మీద వంతు

ఖల్ఫాన్ కోపంతో కుతకుతలాడుతూ అమీరుగారి కోటలోంచి బయటికొచ్చాడు. ప్రజలు ఎన్నుకున్న సభ కావాలని, దాని మాట అమీరు కూడా వినాలని ఏడాదిపాటు తిరిగి మూడువందల మంది చేత అర్జీ మీద వేలిముద్రలు వేయించాడు. అమీరు నవ్వి, కాఫీ పోయించి, ఖర్జూరాల బుట్ట చేతిలో పెట్టి పంపేశాడు.

బయట గురువు షేక్ జుబైర్ ఒంటెతో కాచుకుని ఉన్నారు.

"జనానికి ఇంకా చేతకాదట, సమయం రావాలట! ఊళ్లోవాళ్లకి ఏం చెప్పను షేక్ గారూ? కాస్త దిగొస్తే ఆయన సొమ్మేం పోయింది?"

ఉన్నది ఒకటే ఒంటె. షేక్ గారు బావి బావికీ వంతు మారుదామని చెప్పి ముందు శిష్యుణ్ణి ఎక్కించారు.

ఎక్కగానే ఖల్ఫాన్ షేక్ గారి చేతిలోని ముక్కుతాడు కూడా తీసేసుకున్నాడు. "మీకెందుకు శ్రమ" అన్నాడు.

మొదటి బావి వచ్చింది.

"ఇప్పుడిప్పుడే దీనికి నా బరువు అలవాటైంది. పై బావి దగ్గర దిగుతాను."

రెండో బావి వచ్చింది.

"ముందంతా ఇసుక దిబ్బలు. పడిపోతారు. మీ మంచికే చెబుతున్నాను."

డెబ్బై ఏళ్ల మనిషి కాలే ఇసుకలో నడుస్తుంటే ఖల్ఫాన్‌కి జాలేసింది. అందుకని పైనుంచే నాలుగు ఖర్జూరాలు అందించాడు. దారి గురించి సలహాలేమైనా ఉంటే తప్పకుండా వింటానని కూడా అన్నాడు.

మూడో బావి దగ్గర షేక్ గారే అడిగారు.

"దిగుతావా నాయనా?"

"దీన్ని తోలడం మీకు ఇంకా చేతకాదు. సమయం రావాలి..."

ఆ ఒంటెను పిల్లగా ఉన్నప్పటినుంచి పెంచింది షేక్ గారే.

ఖల్ఫాన్‌కి తన మాట తనకే వినిపించింది. ఒళ్లోని ఖర్జూరాల బుట్ట వంక చూసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయి, ఒంటెను కూర్చోబెట్టడం కూడా మరిచి కిందికి దూకి, ఇసుకలో బోర్లా పడ్డాడు.

షేక్ గారు నింపాదిగా ఎక్కి, ముక్కుతాడు అతని చేతికిచ్చారు.

నాలుగో బావి రాగానే ఖల్ఫాన్ తాడు కిందికి లాగాడు. ఒంటె మోకాళ్లు మడిచింది. షేక్ గారు దిగారు.

"నేను తాడు లాగకపోయినా మీరు దిగేవారే కదా?"

షేక్ గారు ఒంటె వీపు వంక ఆశగా చూశారు.

"ఏమో నాయనా. పైన చాలా బాగుంది."

ఖల్ఫాన్ ఎక్కాడు. ముక్కుతాడు తనే తీసి షేక్ గారి చేతిలో పెట్టాడు.