గోళ్ళరంగు గీత

ఫణీంద్రకి మందుకి లొంగని వైరస్ ఒకటి దొరికింది. అది అలా ఎందుకు తయారైందో ఒక్క మాటలో చెప్పేస్తే పరిశోధన వ్యాసం పూర్తయిపోతుంది. ఆ ఒక్క మాట దగ్గరే గురువుగారు ఆగిపోయారు.

ఆవిడ పేరు సువార్త. విశాఖపట్నంలో ఒక పరిశోధనాలయంలో వైరస్‌ల విభాగానికి పెద్ద. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఒకే ఒక్క వైరస్‌ని పట్టుకుని కూర్చున్నారు. దాన్ని సైటోమెగలో వైరస్ అంటారు. పేరు నోరు తిరగదు గానీ దానంత మామూలు వైరస్ ఇంకోటి లేదు. మన ఊళ్ళలో నూటికి తొంభైమందికి పైగా ఒంట్లో అది ఉంటుంది. చిన్నప్పుడెప్పుడో వస్తుంది. వచ్చిన సంగతే తెలియదు. వచ్చాక మనిషి ఉన్నంతకాలం లోపలే పడి ఉంటుంది, చాలామంది జోలికి పోదు. కడుపులో ఉన్న బిడ్డకి సోకిందంటే మాత్రం ఒక్కోసారి చెవులు పోతాయి. ఒక్కోసారి చూపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోతుంది.

సువార్త గారు శిష్యుల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పే మనిషి కాదు. ఎవరైనా సందేహంతో వస్తే, చేస్తున్న పని ఆపకుండానే వింటారు. తర్వాత ఒక చిన్న ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళ్ళినవాడు మళ్ళీ వారం దాకా కనబడడు.

ఫణీంద్ర ఆవిడ దగ్గర మూడేళ్ళుగా పనిచేస్తున్నాడు. చురుకైనవాడు, కష్టపడతాడు. తన చురుకుదనం తనకి బాగా తెలుసు. అదొక్కటే ఇబ్బంది.

ఆ రక్తం ఊళ్ళోనే ఉన్న ఒక ఆసుపత్రి నుంచి వచ్చింది. అయిదు నెలల పాప. కడుపులో ఉండగానే వైరస్ సోకింది. పుట్టిన కొద్దిరోజులకే మందు మొదలుపెట్టారు. మొదట్లో పాప రక్తంలో వైరస్ బాగా తగ్గింది. తర్వాత, మందు నడుస్తుండగానే, మళ్ళీ పెరగడం మొదలైంది. ఎందుకో చూసి చెప్పమని పిల్లల డాక్టరు ఆ రక్తాన్ని వీళ్ళకి పంపించాడు.

ఫణీంద్ర చూశాడు. ఈ మందు ఒంట్లోకి వెళ్ళినప్పుడు నిద్రపోతున్నట్టే ఉంటుంది. దాన్ని లేపేది వైరసే, తన సొంత ఎంజైముతో. లేచిన మందు ఆ వైరస్ పెరగకుండా అడ్డం పడుతుంది. పాప ఒంట్లోని వైరస్‌లో ఆ ఎంజైము ఒక్కచోట, ఒకే ఒక్కచోట, మారిపోయింది. ఇప్పుడది మందుని సరిగా లేపడం లేదు.

అది కనబడ్డ రోజు ఫణీంద్ర ల్యాబులో అందరికీ స్వీట్లు పంచాడు. ఆసుపత్రికి ఫోన్ చేసి డాక్టరుకి చెప్పాడు.

"వైరస్ మందుకి లొంగకుండా మారింది సార్. మందు చాలీచాలకుండా పడితే అది చావదు, నేర్చుకుంటుంది. తల్లి కొన్ని పూటలు మందు మానేసి ఉంటుంది. ఒకసారి గట్టిగా అడగండి."

డాక్టరు గట్టిగానే అడిగాడు.

అదే రోజు వ్యాసం ముగించి ఫణీంద్ర సువార్త గారి బల్లమీద పెట్టాడు. ఆవిడ నిదానంగా చదువుకుంటూ వచ్చారు. బొమ్మలు చూశారు. అంకెలు చూశారు. తల ఊపారు. చివరి పేజీలో ఒకచోట ఆవిడ వేలు ఆగింది. తల్లి మందు సక్రమంగా వేయకపోవడమే దీనికి కారణం అని ఉందక్కడ.

"అడిగావా?" అన్నారు.

"ఎవర్ని మేడమ్?"

"తల్లిని."

"అడగడానికేముంది మేడమ్? ఏ పుస్తకం తిరగేసినా అదే కారణం ఉంటుంది."

"ఆ అమ్మాయి పేరేమిటి?"

ఫణీంద్రకి పాప నమూనా నంబరు కంఠతా వచ్చు. తల్లి పేరు కోసం కాగితాలు వెతుక్కోవలసి వచ్చింది.

"నూకరత్నం."

"పాప రక్తం మళ్ళీ ఎలాగూ కావాలిగా. రమ్మను" అని ఆవిడ కాగితాలు పక్కన పెట్టేశారు.

రెండురోజుల తర్వాత నూకరత్నం వచ్చింది. ఆమెది పూడిమడక దగ్గర సముద్రం ఒడ్డున పల్లె. భర్త చేపల వేటకని గుజరాత్ వైపు పడవల మీద ఉన్నాడు. తెల్లవారకముందే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చంకలో పాప, భుజానికి గుడ్డసంచి.

పాప పేరు లోవ. సూది గుచ్చితే గుక్కపట్టి ఏడ్చి, అంతలోనే ఊరుకుంది. ఫణీంద్ర రక్తం గొట్టం మీద చీటీ అంటిస్తున్నాడు. అతను ఇంకా ఏమీ అడగనేలేదు.

"నేను మందు మానలేదు బాబూ" అంది నూకరత్నం. "ఒక్క పూటైనా మానలేదు. డాకటరు బాబు అందరి ముందూ తిట్టినారు. పిల్ల సెవులు పోతే ఆ పాపం నీదే అన్నారు. మా అత్త రెండ్రోజుల్నించి నాతో మాటాడ్డం లేదు."

"అందరూ అలాగే అంటారమ్మా" అన్నాడు ఫణీంద్ర తలెత్తకుండా. "నిజం చెప్తే పాపకే మంచిది. ఊరెళ్ళినప్పుడో, ఒంట్లో బాలేనప్పుడో మర్చిపోయుంటావు. గుర్తు తెచ్చుకో."

నూకరత్నం పాప తల మీద చెయ్యి వేసుకుని నేల చూస్తూ కూర్చుంది.

గుమ్మంలో సువార్త గారు ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఫణీంద్ర చూడలేదు. ఆవిడ నేరుగా నూకరత్నం దగ్గరికి వెళ్ళారు.

"ఎప్పుడు తిన్నావమ్మా?"

నూకరత్నం పాపని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"పద, క్యాంటీన్‌కి పోదాం" అన్నారు సువార్త గారు. ఆమె చంకలోంచి పాపని తీసుకున్నారు. తీసుకుని, వెనక్కి తిరిగి, ఫణీంద్ర చేతుల్లో పెట్టేశారు.

"మేడమ్, నాకు అలవాటు లేదు..."

"మేమొచ్చేదాకా ఎత్తుకో."

"కింద పెడితే ఏడుత్తాది బాబూ" అని నూకరత్నం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూసింది.

ఫణీంద్ర అంతకుముందు చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాడు కాదు. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి, గాజుసామాను పట్టుకున్నట్టు నిలబడ్డాడు. లోవ అతని ముఖం వంక చూసింది. అతని కళ్ళజోడు నచ్చినట్టుంది, చెయ్యి చాపింది.

కూర్చుంటే పాప మూలిగింది. లేచి వరండాలో నడవడం మొదలుపెట్టాడు. ఏం చెయ్యాలో తెలియక "లోవా, లోవా" అని పిలిచాడు. కుడిచెవి దగ్గర పిలిస్తే ఠక్కున తల తిప్పి నవ్వింది. పాపని అటు భుజం మీదికి మార్చుకుని ఎడమచెవి దగ్గర పిలిచాడు. ఎటో చూస్తూ ఉండిపోయింది. ఇంకాస్త గట్టిగా పిలిచాడు. పాప అతని చొక్కా గుండీ నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉంది.

ఫణీంద్ర ఆగిపోయాడు. మూడేళ్ళుగా అతను ఆ వైరస్‌ని రోజూ చూస్తున్నాడు. గాజుపళ్ళెంలో కణాలు ఉబ్బి పెద్దవవడం చూశాడు. అది చేసే జబ్బుని మాత్రం ఇదే మొదటిసారి చూడడం.

మళ్ళీ నడిచాడు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి. సువార్త గారు రావడం లేదు. చెయ్యి మార్చుకున్నాడు. కాసేపటికి ఆ చెయ్యీ లాగింది. మళ్ళీ మార్చుకున్నాడు. మోచెయ్యి దగ్గర తిమ్మిరెక్కింది. ఇంత పిల్ల ఇంత బరువేమిటి అనుకున్నాడు. బొద్దుగా, మడతలు పడ్డ తొడలతో, లోవ అతని భుజానికి చొంగ పూస్తూ హాయిగా ఉంది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పాప నిద్రలోకి జారుతోంది. నూకరత్నం ముఖం కాస్త తేరుకుంది.

"మందు ఏళయింది" అని ఆమె పాపని అందుకుంది. ఫణీంద్ర చేతులు దులుపుకున్నాడు. వేళ్ళు సరిగా ముడుచుకోవడం లేదు.

నూకరత్నం సంచిలోంచి మందుసీసా, సూది లేని ఒక చిన్న సిరంజీ తీసింది. సిరంజీ మీద ఎర్రటి గీత ఒకటి ఉంది. మందుని సరిగ్గా ఆ గీత దాకా లాగింది. వెలుగుకి ఎదురుగా పెట్టి చూసింది. ఒక బుడగ కనబడితే వెనక్కి నెట్టి మళ్ళీ లాగింది. గీతకి పైన లేదు, కింద లేదు. పాప బుగ్గలోకి కొద్దికొద్దిగా వదిలింది. లోవ చప్పరించింది. ఒక్క చుక్క బయటికి రాలేదు.

ఫణీంద్ర ఆ గీతనే చూస్తున్నాడు.

"ఆ గీత ఎవరు పెట్టారమ్మా?"

"ఆస్పత్రిలో నర్సమ్మ బాబూ. దీన్ని ఇంటికి పంపించిన్రోజు పెట్టింది. నాకు అంకెలు తెలవ్వని గోళ్ళరంగుతో గీసింది. గీత దాటకూడదు, గీతకి తగ్గకూడదు అన్నాది. సెరిగిపోతన్నాదని నేనే దానిమీదే మళ్ళా రంగేసుకుంటన్నాను."

"అప్పుడు పాప ఎంత ఉండేది?"

నూకరత్నం కుడి అరచెయ్యి చాపి చూపించింది. "ఇంతే. ఈ సేతిలో పట్టీసేది."

ఫణీంద్ర తన చేతుల వంక చూసుకున్నాడు. తిమ్మిరి ఇంకా వదల్లేదు.

ఆ మందు పిల్లల బరువుని బట్టి వెయ్యాలి. లోవ రెండింతలకి పైన పెరిగింది. గీత మాత్రం మొదటిరోజు ఉన్నచోటే ఉంది.

"నెలనెలా ఆసుపత్రిలో చూపిస్తున్నావు కదా?" అన్నాడు ఫణీంద్ర.

"సూపిత్తన్నాను బాబూ. ఒక్కోమాటు ఒక్కో డాకటరు ఉంటారు. బరువు సూసి, బాగా పెరుగుతన్నాది అంటారు. మందు అదే ఏయమంటారు. అదే ఏత్తన్నాను."

ఫణీంద్ర సువార్త గారి వైపు తిరిగాడు. "మేడమ్, ఈవిడ తప్పు..."

"నాకెందుకు చెప్తున్నావు?" అన్నారావిడ.

ఫణీంద్ర నూకరత్నం ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మీ తప్పేం లేదమ్మా. మీకేం చెప్పారో మీరదే చేశారు. పాప పెరుగుతుంటే మందు కూడా పెంచాలి. ఆ సంగతి చూడాల్సింది మేము. మేమెవరం చూడలేదు. మీరు మందు మానేశారని డాక్టరుగారితో అన్నది నేనే."

నూకరత్నం అతన్ని చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"అయితే ఒక్కమాట సెప్పు బాబూ. ఇది దీనికెలాగొచ్చింది? నా కడుపులోనే అంటుకుందని మా అత్త అంటాది. నిజమేనా?"

దీనికి అతని దగ్గర గంటసేపు చెప్పగలిగే జవాబుంది. అందులో ఒక్క ముక్క కూడా ఈమెకి పనికిరాదు. సువార్త గారి వైపు చూశాడు. ఆవిడ పాప మూతి తుడుస్తున్నారు.

"నిజమేనమ్మా" అన్నాడు చివరికి. "మీ నుంచే వచ్చింది. కానీ అది మీలో ఉన్నట్టు మీకు తెలియదు, పరీక్ష చేయకపోతే తెలిసే దారి కూడా లేదు. అది నాలోనూ ఉంది. మేడమ్‌లోనూ ఉంది. ఈ ల్యాబులో అందరి రక్తం చూశాం, లేనివాళ్ళు ఒక్కరు లేరు. మాకు పుట్టాక వచ్చింది, అప్పటికి ఒంట్లో కాస్త బలం ఉంది. పాపకి ఆ బలం రాకముందే వచ్చింది. అంతే తేడా."

"నీలోనా బాబూ?" నూకరత్నం అతన్ని పైనుంచి కిందదాకా చూసింది. "సూత్తే ఏటీ లేనట్టే ఉన్నావు."

సువార్త గారు నవ్వేశారు. కాసేపటికి నూకరత్నం కూడా పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ఫణీంద్ర పాపనీ తల్లినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు ముందు ఒప్పుకోలేదు. పాపని తూచి, సిరంజీ మీద గీత చూశాక కుర్చీలో వెనక్కి వాలాడు. అప్పుడు నూకరత్నంతో, "నీ మీద అరిచాను, తప్పయింది తల్లీ" అన్నాడు. మందు పెంచారు. ఎక్కువ మందుతో రక్తకణాలు తగ్గిపోతాయేమోనని వారంవారం పరీక్ష చేశారు. ఆ మారిన వైరస్ మందుకి పూర్తిగా మొండికెయ్యలేదు. తగినంత పడేసరికి మెల్లగా, చాలా మెల్లగా దిగింది. లోవ ఎడమచెవి వినికిడి తిరిగి రాలేదు. కుడిచెవి నిలబడింది.

కుడిచెవి పరీక్ష బాగా వచ్చిందని ఆసుపత్రి నుంచి కబురొచ్చిన సాయంత్రం, ఫణీంద్ర సువార్త గారి గదిలోకి వెళ్ళాడు. ఆవిడ మైక్రోస్కోపులో చూసుకుంటున్నారు.

"మేడమ్, ఆ రోజు మీకు ముందే తెలుసు కదా?"

"ఏమిటి?"

"పాప బరువు సంగతి. అందుకేగా నా చేతికిచ్చి అంతసేపు మోయించారు."

"నాకేం తెలుసు?" అన్నారు సువార్త గారు కన్ను తీయకుండా. "మందు మానేసి ఉంటుందనే నేనూ అనుకున్నాను."

ఫణీంద్రకి అర్థం కాలేదు. "మరి పాపని నాకెందుకిచ్చారు మేడమ్?"

ఆవిడ అప్పుడు తలెత్తారు.

"ఆ అమ్మాయి రెండ్రోజుల్నుంచీ తిండి తినలేదు ఫణీ. పిల్లని చంకలో పెట్టుకుని ఏం తింటుంది?"