తుంగమడుగు కొత్త మందు

తుంగమడుగు మీద పొగమంచు ఎంత దట్టమంటే, కొంగలు దాన్ని ముక్కుతో కోసుకెళ్లి గూళ్లలో పరుచుకునేవి. మబ్బులు దిగొచ్చి, నీళ్లు తాగి, అక్కడే కునుకు తీసేవి. ఆ మడుగులో ఉండే తాబేలవ్వ నడక ఎంత నెమ్మదంటే, ఒడ్డు చేరేలోగా ఆమె వీపు మీది నాచు పూత పూసి కాయ కాసేది.

అడుగు బురదలోంచి అవ్వ పుండ్లు మాన్పే మందు తీసింది. పంచే పెత్తనం మాత్రం నక్క తన నెత్తిన వేసుకుంది. రోగం ఉన్నా లేకున్నా, నీళ్లకొచ్చిన ప్రతివాళ్లూ ఓ చుక్క నాకిపోవాలని ఆనవాయితీ పెట్టింది. వద్దురా అని అవ్వ మొత్తుకుంటే, బలానికి మంచిదేలే అని నవ్వేసింది. అందరూ పెట్టే దండాలకు దాని తోక లేచి ఆకాశంలో చుక్కల్ని తుడిచేది.

రోజూ కాస్త కాస్త తగిలేసరికి, కంటికి కనబడని రోగప్పురుగులకు ఆ మందు అలవాటైపోయింది. అందులోనే జలకాలాడి, తలకు రాసుకుని, జడలు కూడా అల్లుకున్నాయి.

అంతలో దుప్పిపిల్ల కాలికి పుండు లేచింది. కడివెడు మందు తాగించినా మానలేదు. కాలు నల్లబడుతుంటే తల్లి కన్నీళ్లకు మడుగు పొంగింది.

అవ్వ మళ్లీ మునిగింది. చేపల కలలకన్నా కిందికి, చప్పుడు కూడా నిద్రపోయే చోటికి వెళ్లింది. రకరకాల బురద తెచ్చి, పురుగుల మీద వేసి చూసి, వాటిని చంపలేనిదాన్నల్లా పారబోసింది. చివరికి దొరికిన కొత్త మందు చిన్న ముద్దంత. దుప్పిపిల్ల ఒక్కదానికే చాలుతుంది.

నక్క కుంటుకుంటూ వచ్చింది.

"అవ్వా, నాకూ కాలి పుండే. ఆ ముద్ద ఇటివ్వు."

"ఇందాక కుడికాలితో కుంటుతూ వచ్చావు, ఇప్పుడు ఎడమకాలితో కుంటుతున్నావేం నాయనా?"

"పాడు రోగం, తిరుగుతోందవ్వా."

అవ్వ జాలిగా తలూపి ఓ ముద్ద చేతిలో పెట్టింది. నక్క మంచులోకి మాయమై, దాన్ని బానెడు నీళ్లలో కలిపి, కొత్త మందు వచ్చిందహో అని అడవంతా చాటింది. ముందుగా తానే గొప్పగా ఓ గుక్క తాగి ఉమ్మేసింది. ఉత్త బురద. కప్పలు నవ్విన నవ్వుకు తామరలు వేళకాని వేళ విచ్చుకున్నాయి.

అటు తుంగ చాటున దుప్పిపిల్ల, నొప్పి తగ్గింది, ఇక ఆ చేదు ముద్ద తిననని మారాం చేస్తోంది. అవ్వ కదలకుండా కూర్చుని చివరి ముక్కదాకా మింగించింది. పిల్ల లేచి గెంతితే చెవులకు మబ్బు తడి అంటింది.

నక్క మూతి తుడుచుకుంటూ వచ్చింది. "నన్ను మోసం చేశావు కదవ్వా."

"రోగం లేనివాడికి బురద చాలులే నాయనా."

జబ్బు లేనప్పుడు మింగిన మందు జబ్బు చేసినప్పుడు పనిచేయదు.